స్కాండినేవియా భాషలు, జానపద విజ్ఞానంలో పీజీ, పీహెచ్‌డీ చెయ్యాలంటే: మొదటి నుంచి చివరిదాకా

నార్వే, స్వీడన్, డెన్మార్క్ అనగానే మనవాళ్ళకి ఇంజినీరింగ్, రెన్యూవబుల్ ఎనర్జీ, మహా అయితే బిజినెస్ స్కూళ్ళు గుర్తొస్తాయి. ఆ దేశాల భాషలు, పాత సాహిత్యం, జానపద కథలు చదువుకోడానికి కూడా వెళ్ళొచ్చని, వాటిలో మాస్టర్స్, పీహెచ్‌డీలు ఉన్నాయని తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసిన కొద్దిమంది కూడా యూనివర్సిటీ ర్యాంకుల లిస్టు ముందేసుకుని మొదలుపెడతారు. ఈ సబ్జెక్టుకి ఆ దారి పనికిరాదు. ముందు ఏ ఆర్కైవ్‌లో (పాత కథలు, రాతప్రతులు దాచిపెట్టిన భాండాగారం) కూర్చుని పని చెయ్యాలనుందో తేల్చుకోండి, ఆ ఆర్కైవ్ ఏ భాషలో ఉంటే ఆ భాష మొదలుపెట్టండి, యూనివర్సిటీ సంగతి ఆ తర్వాత చూడండి. ఈ క్రమం తారుమారైతే అడ్మిషన్, గైడు, డబ్బు మూడూ కష్టమవుతాయి. అందుకే కింద చెప్పేదంతా ఇదే వరసలో ఉంటుంది.

తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర, ఆంత్రోపాలజీ, భాషాశాస్త్రం, వీటిలో దేనిలో డిగ్రీ చేసినా ఈ దారి తెరిచే ఉంది. బీటెక్ చేసి ఇటు రావాలనుకునేవాళ్ళకి ఒక ఎం.ఏ. అదనంగా అవసరం పడొచ్చు.

1. సబ్జెక్టు ఏ పేరుతో ఉందో తెలుసుకోవడం

ఇందులో స్థూలంగా మూడు పాయలున్నాయి. ఒకటి పాత నార్స్, అంటే ఆ దేశాల మధ్యయుగపు భాష: ఎడ్డాలు (దేవతల, వీరుల గాథలు), సాగాలు (గద్య కథలు), రూన్ అనే పాత లిపిలోని శాసనాలు, చేతిరాత ప్రతులు. రెండోది ఆధునిక భాషలూ సాహిత్యమూ, అంటే నార్వే, స్వీడన్ నాటకకర్తలు ఇబ్సెన్, స్ట్రిండ్‌బెర్గ్ నుంచి ఇవాళ్టి నవలల దాకా. మూడోది జానపద విజ్ఞానం. అప్లై చేసేటప్పుడు మీకు కావలసింది ఈ మూడింట్లో ఏదో స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే ఒక్కో పాయకి ఒక్కో దేశం బలం.

మూడో పాయతో ఒక చిక్కుంది. ఫోక్‌లోర్ అని వెతికితే స్వీడన్‌లోనూ డెన్మార్క్‌లోనూ పెద్దగా ఏమీ దొరకదు. సబ్జెక్టు పోలేదు, జనజీవన సంస్కృతిని చదివే ఎత్నాలజీ అనే విభాగంలో కలిసిపోయింది. ఉప్సలా, స్టాక్‌హోమ్, లుండ్, గోథెన్‌బర్గ్‌లలో ఎత్నాలజీ పేరుతోనే వెతకాలి. ఓస్లోలో ఇది సంస్కృతి చరిత్ర, మ్యూజియాలజీ కింద ఉంటుంది, బెర్గెన్‌లో సంస్కృతి అధ్యయనం అంటారు. సొంత పేరు నిలబెట్టుకున్నవి ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం, ఫిన్లాండ్‌లో తుర్కు నగరంలోని ఓబో అకాడమీ, పక్కనే ఉన్న ఎస్టోనియాలో తార్తు విశ్వవిద్యాలయం. ఈ ఒక్క విషయం తెలియక, ఈ సబ్జెక్టు ఎక్కడా లేదనుకుని వదిలేసినవాళ్ళున్నారు.

ఇంకో సంగతి. ఫిన్నిష్, సామీ (ఉత్తరాది ఆదివాసుల) భాషలు స్కాండినేవియన్ కుటుంబానివి కావు, యురాలిక్ కుటుంబానివి. కానీ ఆ ప్రాంతపు జానపదం చదివేటప్పుడు వాటిని పక్కన పెట్టలేం. సామీల మీద పని చెయ్యాలనుకుంటే నార్వేలో త్రోమ్‌సో యూనివర్సిటీలో ఇంగ్లీషులోనే ఆదివాసీ అధ్యయనాల మాస్టర్స్ ఉంది, కౌతొకేయ్‌నోలో సామీల సొంత విశ్వవిద్యాలయ కళాశాల ఉంది. నార్వే ప్రభుత్వం సామీల మీదా ఫిన్నిష్ మూలాలున్న క్వేన్ల మీదా తరతరాలుగా రుద్దిన నార్వేజియనీకరణ మీద వేసిన కమిషన్ 2023 జూన్‌లో నివేదిక ఇచ్చింది. గోండు, కోయ, చెంచు సముదాయాలతో పని చేసినవాళ్ళకి ఆ నివేదికలోని ప్రశ్నలు కొత్తగా అనిపించవు, బడిలో అమ్మభాష పోగొట్టుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే బాధ.

2. ఆర్కైవ్ నుంచి మొదలుపెట్టడం

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఆ దేశాల్లో జానపద కథలు సేకరించి దాచిపెట్టిన తీరు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నార్వేలో ఆస్బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు 1841 నుంచి కథల సంపుటాలు వేశారు. ఐస్‌లాండ్‌లో యోన్ ఆర్నసన్ సేకరణ 1862-64లో అచ్చయింది. డెన్మార్క్‌లో ఎవాల్డ్ తాంగ్ క్రిస్టెన్‌సెన్ అనే బడిపంతులు జట్లండ్ పల్లెల్లో దాదాపు అర్ధశతాబ్దం నడిచి, కూలీలు, ముసలమ్మలు చెప్పిన కథలూ పాటలూ రాసుకున్నాడు, చెప్పినవాళ్ళ పేర్లతో, బతుకు వివరాలతో సహా. ఎవరు చెప్పారో తెలియడం వల్లే ఇవాళ కూడా ఆ సేకరణ మీద కొత్త పరిశోధన నడుస్తోంది.

ముఖ్యమైన చోట్లు ఇవి: హెల్సింకీలో 1831లో పుట్టిన ఫిన్నిష్ సాహిత్య సంఘం ఆర్కైవ్, కోపెన్‌హేగెన్‌లో 1904లో మొదలై ఇప్పుడు రాయల్ లైబ్రరీలో ఉన్న డేనిష్ జానపద సేకరణ, లుండ్‌లో 1913 నాటి జనజీవన ఆర్కైవ్, ఓస్లో యూనివర్సిటీలో 1914 నాటి నార్వే జానపద సేకరణ, ఉప్సలాలో కేంద్రంగా పనిచేసే స్వీడన్ భాషా జానపద సంస్థ. పాత నార్స్ ప్రతులైతే రేక్యవీక్‌లోని ఆర్నీ మాగ్నుస్సన్ సంస్థలోనూ కోపెన్‌హేగెన్‌లోని ఆర్నమాగ్నియన్ సేకరణలోనూ ఉన్నాయి. డెన్మార్క్ దగ్గరున్న ప్రతుల కోసం ఐస్‌లాండ్ ఏళ్ళ తరబడి పోరాడింది, చివరికి 1971 ఏప్రిల్ 21న ఎడ్డా కవితలున్న ప్రధాన ప్రతి ఓడలో రేక్యవీక్ చేరినప్పుడు జనం రేవు నిండా నిలబడి స్వాగతం చెప్పారు. ఒక దేశం పుస్తకం కోసం అలా నిలబడిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

వీటిలో చాలాభాగం ఇంట్లో కూర్చుని చూడొచ్చు. నార్వే సేకరణ సామ్లా అనే సైటులో, స్వీడన్‌ది ఫోల్కె అనే సైటులో, ఐస్‌లాండ్ కథలు సాగ్నగ్రున్నుర్ అనే డేటాబేస్‌లో మ్యాపులతో సహా, పాత ప్రతుల ఫొటోలు హాండ్రిట్‌లో, స్వీడిష్, డేనిష్ పాత పుస్తకాలు ప్రాజెక్ట్ రూనెబెర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి. భాష రాకపోయినా ఒక వారం వాటిలో తిరగండి. ఏది మిమ్మల్ని మళ్ళీ మళ్ళీ లాగుతుందో చూసుకోండి.

మరి మనకి సొంత ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? తెలుగువాళ్ళుగా మనకి కొన్ని తలుపులు దగ్గరగా ఉన్నాయి.

నార్వేలో 1349లో వచ్చిన మహామారిని జనం పెస్తా అనే ముసలిదాని రూపంలో చెప్పుకున్నారు. ఆమె దంతెపార పట్టుకుని ఊళ్ళోకొస్తే కొందరైనా బతుకుతారు, చీపురు పట్టుకొస్తే ఎవరూ మిగలరు. మన ఊళ్ళలో మశూచి, కలరా అమ్మవార్ల కథలు విన్నవాళ్ళకి ఇక్కడ వెంటనే ప్రశ్నలు పుడతాయి: మనవాళ్ళు ఆ తల్లికి బోనం పెట్టి సాగనంపారు, అక్కడ పెస్తాకి పూజ ఎందుకు లేదు? రోగాన్ని ఆడమనిషిగా చూడటం రెండు చోట్లా ఎలా వచ్చింది?

పద్యం ఇష్టమైనవాళ్ళకి ఇంకో తలుపు. పాత నార్స్ ఆస్థాన కవుల ఛందస్సులో ఒక్కో పాదానికి ఆరు అక్షరాలు, నియమిత స్థానాల్లో ఒకే హల్లు రావాలి, పాదం లోపల ప్రాసలు కుదరాలి. అచ్చులైతే ఏ అచ్చుకి ఏ అచ్చయినా చెల్లుతుంది. మన యతిలో అచ్చులకి మైత్రి వర్గాలున్నాయి కదా, వాళ్ళకి అన్ని అచ్చులూ ఒకే వర్గం. యతిప్రాసల మధ్య పెరిగిన చెవి ఈ కవిత్వానికి ఎంత పనికొస్తుందో అక్కడి ప్రొఫెసర్లకి మీరే చెప్పాలి.

ఇండియాతో నేరుగా ముడిపడ్డ సామగ్రి కూడా ఉంది. పాల్ ఒలాఫ్ బొడ్డింగ్ అనే నార్వే మిషనరీ సంతాల్ కథలు, నిఘంటువు దశాబ్దాలపాటు సేకరించాడు, ఆ రాతప్రతులు ఓస్లోలో ఉన్నాయి. తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డేనిష్ వాళ్ళ చేతిలో ఉంది, ఆ కాగితాలు కోపెన్‌హేగెన్ ఆర్కైవుల్లో ఉన్నాయి. అక్కడ మొదలైన డేనిష్-హాలె అనే క్రైస్తవ మిషన్ మనిషే బెంజమిన్ షుల్జ్, తెలుగు వ్యాకరణం రాసి, 1740లలో జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించినవాడు. ఫిన్లాండ్ పండితుడు లౌరి హొంకో మన పక్కనే కర్ణాటక తీరంలోని తుళునాడుకి వచ్చి గోపాల నాయక పాడిన సిరి కావ్యాన్ని రికార్డు చేసి 1998లో హెల్సింకీ నుంచి ప్రచురించాడు. ఒక మనిషి పాడే మౌఖిక కావ్యం ఎంత పొడుగు ఉండగలదో ప్రపంచానికి చూపించిన పనుల్లో అదొకటి. పల్నాటి వీరచరిత్ర, కాటమరాజు కథ తెలిసినవాళ్ళు ఆ పుస్తకం తప్పకుండా చూడాలి.

ఈ మెట్టు ముగిసేసరికి మీ చేతిలో ఒక పేజీ ఉండాలి: ఒక ప్రశ్న, దానికి కావలసిన ఆర్కైవ్, ఆ ఆర్కైవ్ భాష.

3. భాష

ఇంగ్లీషులో కోర్సు ఉంది కదా, భాష ఎందుకు అంటారేమో. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా ఆర్కైవ్ ఇంగ్లీషులో లేదు. భాష రాని విద్యార్థి అనువాదమైన అదే పాతిక కథల చుట్టూ తిరుగుతాడు.

ఏ భాష? ఇంకా తేల్చుకోలేకపోతే నార్వేజియన్‌తో మొదలుపెట్టమంటాను. 1380 నుంచి 1814 దాకా నార్వే డెన్మార్క్ కింద ఉండటం వల్ల బూక్‌మోల్ అనే రాతరూపం డేనిష్‌కి బాగా దగ్గర, మాటేమో స్వీడిష్‌కి దగ్గర. ఒకటి నేర్చుకుంటే మిగతా రెండూ కొంచెం కష్టపడి చదువుకోవచ్చు. జానపద పని చేసేవాళ్ళు రెండో రాతరూపం నీనోర్స్క్ కూడా చదవగలగాలి, పల్లెటూరి మాండలికాల నుంచి ఈవార్ ఓసెన్ కట్టిన భాష అది. ఐస్‌లాండిక్ మాత్రం వేరే లెక్క, నాలుగు విభక్తులు, బోలెడు రూపాలు, కానీ అది వస్తే పాత నార్స్ సగం వచ్చినట్టే.

తెలుగు నోటికి ఇందులో కొన్ని సులువులున్నాయి. స్వీడిష్‌లో, తూర్పు నార్వే మాటలో ర పక్కన త, ద, న వస్తే అవి ట, డ, ణ అయిపోతాయి. ఇంగ్లీషువాళ్ళు నెలల తరబడి కుస్తీ పట్టే ఈ శబ్దాలు మనకి పుట్టుకతో ఉన్నాయి. హ్రస్వదీర్ఘాల తేడా, ద్విత్వాక్షరాల తేడా కూడా అంతే, మన చెవి వెంటనే పట్టుకుంటుంది. కష్టమల్లా పెదాలు గుండ్రంగా చుట్టి పలికే ఈ, ఏ లాంటి అచ్చులు, డేనిష్‌లో గొంతు నొక్కి పలికే తీరు. మామూలు ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలి అన్నది ఇంకో నియమం. క్రియ చివర్లో పెట్టే అలవాటున్న మనం దీన్ని రాసి రాసి చేతికి ఎక్కించుకోవాలి.

ఉచితంగా దొరికేవి: స్వీడిష్‌కి స్వీడిష్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సు, నార్వేజియన్‌కి త్రొన్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ వాళ్ళ కోర్సు, ఐస్‌లాండిక్‌కి ఐస్‌లాండిక్ ఆన్‌లైన్. వినడానికీ చదవడానికీ తేలిక భాషలో నడిపే వార్తలు ఉన్నాయి, స్వీడిష్‌లో ఓత్త సీదోర్, నార్వేజియన్‌లో క్లార్ తాలె. యాప్‌లతో మొదలుపెట్టండి కానీ అక్కడే ఆగిపోకండి, మూడో నెల నుంచి రోజూ ఒక చిన్న జానపద కథ డిక్షనరీ పెట్టుకుని చదవడం మొదలుపెట్టాలి. పాత కథల్లో పదాలు తక్కువ, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి, అందుకే వార్తలకంటే ఇవే తొందరగా పట్టుబడతాయి.

పాత నార్స్‌కి వైకింగ్ సొసైటీ ఫర్ నార్దర్న్ రీసెర్చ్ వాళ్ళు వ్యాకరణం, పాఠాలు, పదకోశం అన్నీ తమ సైటులో ఉచితంగా పెట్టారు, కోపెన్‌హేగెన్ వాళ్ళ పాత నార్స్ గద్య నిఘంటువు కూడా ఆన్‌లైన్‌లో ఉంది. సంస్కృతం చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి భయపడక్కర్లేదు. విభక్తులు, లింగాలు, సర్వనామాల్లో ద్వివచనం కూడా ఉన్నాయి.

ఈ సబ్జెక్టులో పాత పరిశోధన చాలావరకు జర్మన్‌లో ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) జర్మన్ చదివితే ఆ మేలు పీహెచ్‌డీ దాకా ఉంటుంది.

4. ఎక్కడ చదవాలి

ఐస్‌లాండ్: పాత నార్స్‌కి మొదటి చూపు ఇక్కడే. ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో వైకింగ్, మధ్యయుగ నార్స్ అధ్యయనాల మాస్టర్స్ ఇంగ్లీషులో ఉంది, రెండేళ్ళు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి ఇటీవలిదాకా ట్యూషన్ ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది. అప్లై చేసే ఏడాది నియమం ఏమిటో వాళ్ళ సైటులోనే చూసుకోండి. అయితే రేక్యవీక్‌లో ఇంటద్దె, తిండి ఖర్చు మామూలుగా ఉండవు, ఫీజు లేదని లెక్క తప్పకూడదు.

డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, నార్వే 2023లో యూరప్ బయటి విద్యార్థులకి ఫీజులు పెట్టాయి. నార్వే ఉచితం అని ఇంకా చెప్పే వీడియోలున్నాయి, నమ్మకండి. స్వీడన్‌లో ఇంగ్లీషులో చదవాలంటే లుండ్‌లో ఎత్నాలజీ పునాదిగా నడిచే అప్లైడ్ కల్చరల్ అనాలిసిస్ మాస్టర్స్ ఉంది, మ్యూజియం, కంపెనీ ఉద్యోగాల వైపు చూసేవాళ్ళకి బాగుంటుంది.

ఫిన్లాండ్ సంగతి కొంచెం ఆగి చదవండి. 2017 నుంచి ఫీజులు పెట్టింది కానీ అవి ఇంగ్లీషు కోర్సులకి. ఫిన్నిష్‌లో, స్వీడిష్‌లో చదివేవాళ్ళకి లేవు. ఓబో అకాడమీలో నార్డిక్ జానపద విజ్ఞానం బోధన స్వీడిష్‌లో. అంటే ఇండియాలో కూర్చుని రెండు మూడేళ్ళు గట్టిగా స్వీడిష్ నేర్చుకుని, స్థాయి పరీక్ష పాసైతే, లక్షల ఫీజు తప్పుతుంది. భాష ముందు అని నేను పట్టుబట్టడానికి ఇదొక్కటే చాలు.

తార్తు: కచ్చితంగా చెప్పాలంటే స్కాండినేవియా కాదు, కానీ జానపద విజ్ఞానం, వారసత్వ అధ్యయనాల మాస్టర్స్ ఇంగ్లీషులో ఉంది, అక్కడి ప్రొఫెసర్ ఉలో వాల్క్ అస్సాంలో చాలా ఏళ్ళుగా ఫీల్డ్‌వర్క్ చేస్తున్నారు. భారత జానపదాన్నీ ఉత్తర ఐరోపా జానపదాన్నీ కలిపి చూడాలనుకునేవాళ్ళు ఈ చోటు వదలొద్దు.

అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్‌లో స్కాండినేవియన్ విభాగం 1875లో మొదలైంది, ఆ దేశంలో అదే పాతది, ఇప్పుడది జర్మన్, నార్డిక్, స్లావిక్ విభాగంలో భాగం. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు చెప్పింది కూడా ఆ యూనివర్సిటీలోనే, కాబట్టి తులనాత్మక పనికి లైబ్రరీ దొరుకుతుంది. సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 1909 నుంచి ఉంది, బాల్టిక్ భాషలు కూడా చెప్తారు. బర్క్‌లీలో స్కాండినేవియన్ విభాగంతోపాటు జానపద పండితుడు ఆలన్ డండిస్ మొదలుపెట్టిన ఫోక్‌లోర్ ఎం.ఏ. ఉంది. డేనిష్ కథల మీద కంప్యూటర్‌తో పని చేసే టిమోతీ టాంగర్లీనీ అక్కడే ఉన్నారు, కోడింగ్ వచ్చిన తెలుగు పిల్లలకి ఇది సరిగ్గా సరిపోయే చోటు. ఒక జాగ్రత్త: అమెరికాలో హ్యుమానిటీస్ విభాగాలు కొన్నేళ్ళు అడ్మిషన్లు ఆపేస్తుంటాయి. అప్లికేషన్ ఫీజు కట్టేముందు ఈ ఏడాది తీసుకుంటున్నారా అని ఒక మెయిల్ పెట్టండి.

బ్రిటన్‌లో లండన్ యూసీఎల్, ఎడిన్‌బరో, నాటింగ్‌హామ్, ఓర్క్నీ, షెట్లాండ్ దీవుల్లో ఉన్న నార్దర్న్ స్టడీస్ సంస్థ. మాస్టర్స్ ఏడాదే, ఫీజు ఎక్కువ.

5. డబ్బు

మాస్టర్స్‌కి ఈ సబ్జెక్టులో పూర్తి స్కాలర్‌షిప్ దొరకడం అరుదు. పీహెచ్‌డీకి పరిస్థితి పూర్తిగా వేరు. నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగం, ఫీజు ఉండదు. అమెరికాలో మంచి విభాగాలు ఫీజు మాఫీ చేసి, భాషాతరగతులు చెప్పే పనికి స్టైపెండ్ ఇస్తాయి. అక్కడ మళ్ళీ భాషే ముందుకొస్తుంది. మొదటి ఏడాది విద్యార్థులకి నార్వేజియన్ చెప్పగలిగినవాళ్ళకి ఆ సీటు దక్కే అవకాశం ఎక్కువ.

కాబట్టి అప్పు చేసి మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళు రెండు లెక్కలు వేసుకోండి. ఫీజు తక్కువ ఉన్న చోట మాస్టర్స్ చేసి జీతం వచ్చే చోట పీహెచ్‌డీ చెయ్యడం ఒకటి, ఇక్కడే ఎం.ఏ. చేసి నేరుగా పీహెచ్‌డీకి పోటీపడటం రెండోది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం, వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నాయి. వాటిలో పద్ధతి నేర్చుకుని, ఫీల్డ్‌వర్క్ చేసి, పక్కన భాష నేర్చుకుంటే మీ అప్లికేషన్ బరువు పెరుగుతుంది. నాకు ఈ రెండో దారే ఎక్కువ నచ్చుతుంది, తొందర లేనివాళ్ళకి.

ఐస్‌లాండిక్ నేర్చుకోడానికి ఐస్‌లాండ్ ప్రభుత్వం ఏటా విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, ఆర్నీ మాగ్నుస్సన్ సంస్థ ద్వారా. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి అమెరికన్-స్కాండినేవియన్ ఫౌండేషన్ ఫెలోషిప్పులు ఉన్నాయి, పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ.

6. అప్లికేషన్

చెప్పుకోవలసిన మొదటి మాట: మన ఊళ్ళలో కన్సల్టెన్సీలకి ఈ సబ్జెక్టు గురించి తెలియదు, వాళ్ళకి కమీషన్ వచ్చే లిస్టులో ఇవి ఉండవు, ఇంకో కోర్సు వైపు తిప్పే ప్రయత్నం చేస్తారు. మొత్తం మీరే చేసుకోగలరు.

స్వీడన్‌కి అన్ని యూనివర్సిటీలకీ కలిపి ఒకే పోర్టల్, అక్టోబర్ మధ్యలో తెరిచి జనవరి మధ్యలో మూస్తారు, ఫీజు 900 క్రోనర్లు. నార్వే గడువులు నవంబర్, డిసెంబర్‌లలో, అమెరికావి డిసెంబర్, జనవరిలో, ఐస్‌లాండ్‌ది కూడా చలికాలంలోనే ముగుస్తుంది. కాబట్టి ఆగస్టు నాటికి కాగితాలు సిద్ధంగా ఉండాలి: కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ఒరిజినల్ డిగ్రీ లేదా ప్రొవిజనల్, ట్రాన్‌స్క్రిప్టులు, ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్. ట్రాన్‌స్క్రిప్టులకి మన యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో చెప్పలేం, అది ముందే పెట్టుకోండి. తెలుగు మీడియం డిగ్రీ అయితే సిలబస్ ఇంగ్లీషులో అనువదించి నోటరీ చేయించి పెట్టుకోవాలి. మూడేళ్ళ డిగ్రీని కొన్నిచోట్ల పూర్తి బ్యాచిలర్‌గా లెక్కించరు, మీరు చూసే ప్రతి కోర్సు పేజీలో ఇండియా గురించి ఏం రాశారో చదవండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథలతో మొదలుపెట్టకండి, వైకింగ్ సీరియల్ చూసి ఇష్టపడ్డానని అసలు రాయకండి. కమిటీ వెతికేది మీకు ప్రశ్న ఉందా, దానికి ఆధారాలు ఎక్కడున్నాయో తెలుసా, ఆ భాషలో చదవగలరా అని. "నాకు నార్డిక్ జానపదం అంటే ఆసక్తి" అనే వాక్యం ఎవరైనా రాస్తారు. "నార్వే తెగులు కథల్లో పెస్తా చేతిలో పనిముట్టు ప్రాంతాన్నిబట్టి ఎలా మారుతుందో ఓస్లో సేకరణలో చూడాలి, ఆ పద్ధతితోనే తెలంగాణ పల్లెల అమ్మవారి కథలతో పోల్చాలి, ప్రస్తుతం బూక్‌మోల్ బీ1 (మధ్యస్థ) స్థాయిలో చదువుతున్నాను" అని రాస్తే ఆ కాగితం పక్కన పెట్టరు.

ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేటప్పుడు ఆయన లేదా ఆమె రాసిన ఒక వ్యాసం నిజంగా చదివి, దాని మీద ఒక ప్రశ్న అడగండి. పది లైన్లు చాలు. రెస్పెక్టెడ్ సర్, మేడమ్ లాంటివి అక్కడ వాడరు, పేరుతోనే పిలుస్తారు, మొదట్లో మనకి నోరు రాదు కానీ అలవాటవుతుంది. మాస్టర్స్‌కి ముందు మెయిల్ తప్పనిసరి కాదు. పీహెచ్‌డీకి మాత్రం వదలొద్దు.

రాతనమూనా అడిగితే తెలుగు జానపదం మీద చేసిన పనినే ఇంగ్లీషులో పెట్టొచ్చు. దానికి ఆర్నె-థాంప్సన్-ఊథర్ కథారకం సంఖ్యలు (జానపద కథల్ని రకాలుగా విడదీసి ఇచ్చిన నంబర్లు) జోడించి చూపండి. ఈ పద్ధతి మొదలైంది 1910లో ఫిన్లాండ్‌లో, ఆంట్టి ఆర్నె చేతిలో, కాబట్టి మీకు వాళ్ళ పరిభాష తెలుసని అక్కడే అర్థమవుతుంది. లుండ్ పండితుడు కార్ల్ విల్హెల్మ్ ఫాన్ సీడో, ఒకే కథ ఒక్కో నేలలో ఒక్కో స్థానిక రూపం ఎలా తీసుకుంటుందో చెప్పాడు, డేనిష్ పండితుడు ఆక్సెల్ ఓల్రిక్ కథనానికి నియమాలు రాశాడు, రైదర్ క్రిస్టియన్‌సెన్ 1958లో ఊరూరా తిరిగే ఐతిహ్యాలకి సంఖ్యలిచ్చాడు. వీళ్ళ ముగ్గురినీ వెళ్ళేలోపు చదివి ఉండటం కనీస అర్హత అనుకోండి.

7. పీహెచ్‌డీ

నార్డిక్ దేశాల్లో పీహెచ్‌డీ సీటు ఉద్యోగ ప్రకటనలా వస్తుంది. నార్వేవి జాబ్‌నోర్గె సైటులో, స్వీడన్‌వి ఆయా యూనివర్సిటీల ఖాళీల పేజీల్లో. డెన్మార్క్, నార్వేలలో సాధారణంగా మూడేళ్ళు, బోధన కలిపితే నార్వేలో నాలుగు, స్వీడన్‌లో నాలుగు. కొన్ని ప్రకటనలు ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో ఒక ముక్క ఇస్తాయి, కొన్ని మీ సొంత ప్రాజెక్టు అడుగుతాయి. ఈ సబ్జెక్టులో ఏటా వచ్చేవి చాలా తక్కువ, పోటీకి ఆ దేశంలోనే మాస్టర్స్ చేసినవాళ్ళు కూడా వస్తారు. అందుకని ఎత్నాలజీ, మత చరిత్ర, మ్యూజియం అధ్యయనం, డిజిటల్ హ్యుమానిటీస్ పేర్లతో వచ్చే ప్రకటనలు కూడా చూడండి, సగం మంచి అవకాశాలు ఆ పేర్ల కిందే ఉంటాయి.

ప్రాజెక్టు వివరణలో ఏ ఆర్కైవ్‌లో ఏ సేకరణ, ఏ కాలం, ఏ భాష అని పెట్టాలి. మనుషుల్ని ఇంటర్వ్యూ చేసే పనైతే అనుమతి, పేర్లు దాచడం, రికార్డింగులు ఎక్కడ దాస్తారన్నది కూడా రాయాలి. యూరప్ డేటా చట్టాలు కఠినం, మన దగ్గర ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి పెట్టుకున్నట్టు అక్కడ కుదరదు. సామీల మీద పనైతే ఆ సముదాయంతో ముందే మాట్లాడారా అన్నది మొదటి ప్రశ్నగా వస్తుంది, రావాలి కూడా.

8. చేరిన తర్వాత, చదువు అయ్యాక

మొదటి సెమిస్టర్‌లోనే ఆర్కైవిస్టుని కలిసి మీ ప్రశ్న చెప్పండి. కేటలాగులో లేనిది వాళ్ళ తలలో ఉంటుంది. పాత నార్స్ వాళ్ళయితే కోపెన్‌హేగెన్, రేక్యవీక్‌లలో మార్చి మార్చి జరిగే రాతప్రతుల సమ్మర్ స్కూల్‌కి అప్లై చెయ్యండి. మూడేళ్ళకోసారి అంతర్జాతీయ సాగా సమావేశం జరుగుతుంది, అమెరికాలో స్కాండినేవియన్ అధ్యయన సంఘం ఏటా సమావేశమవుతుంది, విద్యార్థులు కూడా పేపర్ చదవొచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పగలు చాలా చిన్నది, మనవాళ్ళకి అది మనసు మీద పడుతుంది. డల్‌గా అనిపిస్తే విద్యార్థి ఆరోగ్య సేవకి వెళ్ళడం అక్కడ మామూలు విషయం, దాచుకోకండి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ప్రొఫెసర్ పోస్టులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. మ్యూజియాలు, ఆర్కైవులు, డిజిటైజేషన్ ప్రాజెక్టులు, నార్డిక్ కంపెనీల భాషా పనులు, ఇవీ ఎక్కువమంది వెళ్ళే చోట్లు. ఆ దేశంలో ఉండి పని చెయ్యాలంటే ఆ భాష మాట్లాడటం తప్పదు, చదవడం ఒక్కటే సరిపోదు.

ఇక తెలుగులోకి అనువాదం. ఇబ్సెన్ మొదలుకుని ఆ దేశాల సాహిత్యం మనకి ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే చేరింది. మూలం నుంచి నేరుగా చేసేవాళ్ళకి నార్వేలో నోర్లా, ఫిన్లాండ్‌లో ఫిలి, స్వీడన్‌లో ఆర్ట్స్ కౌన్సిల్, డెన్మార్క్‌లో ఆర్ట్స్ ఫౌండేషన్, ఐస్‌లాండ్‌లో సాహిత్య కేంద్రం డబ్బు సాయం చేస్తాయి. అప్లై చేసేది సాధారణంగా ప్రచురణకర్త, కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ప్రచురణకర్తతో చదువు మధ్యలోనే మాట పెట్టుకుని, రెండు మూడు కథలు నమూనాగా అనువదించి చేతిలో ఉంచుకోండి. ఆ కథలు ఏ సేకరణవి, ఎవరు చెప్పారు, ఎవరు రాసుకున్నారు అన్నది ప్రతి కథ కింద తప్పకుండా రాయండి.